తలుపు ఎన్ని అంగుళాలు?

మేనేజరు గారికి,

నమస్కారం. నేను టైలర్ని. ఇరవై ఆరేళ్ళుగా ఆడవాళ్ళ బట్టలు కుడుతున్నాను. చిన్నప్పటి నుంచీ చక్రాల కుర్చీలోనే తిరుగుతాను. మీ హోటల్ ప్రకటనలో "వికలాంగులకు అనువైన గది కలదు" అని చూసి రాస్తున్నాను.

పోయినేడు ఇలాగే "కలదు" అన్న ఇంకో హోటల్‌కి వెళ్ళాం. బాత్రూమ్ తలుపులో నా కుర్చీ పట్టలేదు. మా ఆయనకి నడుంనొప్పి. అందుకని మూడు రోజులూ మా తమ్ముడు నన్ను ఎత్తుకెళ్ళి లోపల దింపి, అటు తిరిగి నిలబడ్డాడు. వాడికి సిగ్గు, నాకు సిగ్గు. ఆ సిగ్గుకి నేను మంచినీళ్ళు తాగడం మానేశాను. నాలుగో రోజు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు.

దాంతో ఈసారి ఇంటిల్లిపాదీ కూర్చుని, "నీ మంచికే చెబుతున్నాం, నువ్వు ఇంటి దగ్గర హాయిగా ఉండు, ఫొటోలు పంపుతాం" అని తేల్చేశారు. వస్తున్నానని నేనూ తేల్చేశాను. సరైన గది ఉందని ఇరవయ్యో తారీఖులోపు కాగితం మీద చూపిస్తేనే నాకు టికెట్ తీస్తారట. ప్రయాణం వచ్చే నెల పదిన.

కాబట్టి చెప్పండి. బాత్రూమ్ తలుపు తెరిచాక మిగిలే ఖాళీ ఎన్ని అంగుళాలు? నా కుర్చీ వెడల్పు ఇరవై అయిదు. మంచం ఎత్తెంత? గడప ఉందా? వాకిట్లో మెట్లెన్ని?

ఇట్లు,
టైలరమ్మ

తా.క.: ఫోన్ చేయమనకండి. ఫోన్లో అందరూ "చూస్తామండీ" అంటారు. చూసినవాణ్ణి ఇంతవరకూ నేను చూడలేదు.

*

పరమ గౌరవనీయులైన అతిథి గారికి,

మా హోటల్ తరఫున హృదయపూర్వక స్వాగతం. తమ అనారోగ్యం సంగతి తెలిసి మా సిబ్బంది యావన్మందీ కలత చెందారు. తమ కోసం రెండో అంతస్తులో, కొండలు కనిపించే ప్రశాంతమైన గది కేటాయించాము. తలుపు మీద చక్రాల కుర్చీ బొమ్మ కూడా ఉంది. పోయిన వారమే అతికించాము.

లిఫ్టు దాకా ఆరు మెట్లు మాత్రమే. అక్కడికి ఇద్దరు బలమైన మనుషులను ఏర్పాటు చేశాము. ఇద్దరూ లోగడ సిమెంటు బస్తాలు మోసినవారే. ఒక్కటి కూడా జారవిడిచిన దాఖలా లేదు.

బాత్రూమ్ తలుపు వెడల్పు తగినంత. మంచం ఎత్తు సౌకర్యవంతం. వెడల్పు గురించి తమరు నొక్కి అడగడంలోని ఆంతర్యం మేము గ్రహించాము. ఇందులో మొహమాటపడవలసినది ఏమీ లేదు. మంచానికి అదనంగా రెండు కోళ్ళు వేయించాము.

ఇట్లు తమ సేవలో,
మేనేజరు

తా.క.: తమరి వెంట వచ్చే నర్సుకు భోజనం ఉచితం.

*

మేనేజరు గారికి,

నాకు ఏ జబ్బూ లేదు. పోయినేడు వచ్చినది హోటల్ వల్ల వచ్చింది. నా బరువు నలభై ఎనిమిది కిలోలు. ఆ రెండు కోళ్ళూ ఊడబీకి మీ యజమాని మంచానికి వేయండి. నర్సు లేదు. ఆవిడ భోజనం కూడా ఆయనకే పెట్టండి.

"తగినంత" అనేది ఒక కొలతా? ఆ కొలతతో మీకొక ప్యాంటు కుట్టి పంపిస్తాను. తొడుక్కుని ఒక పూట రిసెప్షన్‌లో నిలబడి చూడండి. తలుపు మీద బొమ్మ అతికించారట! ఇల్లు అలకగానే పండుగ కాదు బాబూ.

ఆ ఇద్దరు మొనగాళ్ళకీ నా నమస్కారాలు. వాళ్ళు నన్ను ముట్టుకోవడానికి వీల్లేదు. నేను సిమెంటు బస్తాని కాను. ఎత్తించుకోవడం ఇష్టం లేకే కదా ఇంత రాస్తున్నది!

మీ దగ్గర టేపు ఉన్నట్టు లేదు. నాది పంపుతున్నాను. కొలిచి, అంకెలు రాయండి.

ఇట్లు,
టైలరమ్మ

తా.క.: టేపు తిరిగి పంపాలి. అది లేక ఇవాళ ఒకావిడ నడుం జానలతో కొలిచాను. చక్కిలిగింతలకి ఆవిడ మెలికలు తిరిగిపోయింది. ఆ గౌను ఎలా వస్తుందో దేవుడికే తెలియాలి.

*

గౌరవనీయులైన టైలరు గారికి,

తమ టేపు క్షేమంగా చేరింది. స్వయంగా మోకాళ్ళ మీద కూర్చుని కొలిచాను. బాత్రూమ్ తలుపు అరవై ఒక్క అంగుళాలు. మంచం ఎత్తు నలభై ఆరు అంగుళాలు. గడప అయిదు అంగుళాలు.

ఈ అంకెలు చూసి యజమాని గారు పొంగిపోయారు. తన హోటల్ ఇంత విశాలమైనదని ఇన్నాళ్ళూ తనకే తెలియదన్నారు. కొత్త ప్రకటనలో పెద్ద అక్షరాలతో అచ్చు వేయిస్తున్నాము. ఇక తమరు నిశ్చింతగా టికెట్లు తీసుకోవచ్చు.

ఇట్లు తమ సేవలో,
మేనేజరు

తా.క.: పనిలో పనిగా నా నడుం కూడా కొలుచుకున్నాను. తొంభై ఆరు వచ్చింది. నిన్నటి నుంచి అన్నం సయించడం లేదు. తమరు ఎందరి నడుములో చూసి ఉంటారు. డాక్టరు దగ్గరికి వెళ్ళమంటారా?

*

మేనేజరు గారికి,

అరవై ఒక్క అంగుళాలంటే అయిదడుగుల పైమాట. ఆ తలుపులోంచి నేను, మా ఆయన, మా అమ్మాయి చేతులు పట్టుకుని వరసగా స్నానానికి వెళ్ళొచ్చు. నలభై ఆరు అంగుళాల మంచమైతే నిచ్చెన వేసుకుని పడుకోవాలి.

అయ్యా, టేపుకి రెండు వైపులుంటాయి. మీరు చూసింది సెంటీమీటర్ల వైపు. తిప్పండి. మీ తలుపు ఇరవై నాలుగు అంగుళాలు. నా కుర్చీ ఇరవై అయిదు.

మీ ఉత్తరం చూసి మా మరదలు అప్పుడే సూట్‌కేసు దించింది. అసలు లెక్క చెబితే అందరి మొహాలూ మాడిపోయాయి. మా తమ్ముడు, "పోనీలే అక్కా, ఒక్క అంగుళమే కదా, నాలుగు రోజులు సర్దుకుందాం" అన్నాడు. నేను సర్దుకోను. నలభై ఏడేళ్ళుగా సర్దుకుంటూనే ఉన్నాను. బస్సుకి సర్దుకున్నాను, బడికి సర్దుకున్నాను, చుట్టాల ఇళ్ళకి సర్దుకున్నాను. ఇక తలుపే సర్దుకోవాలి. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని మా ఆయన అంటాడు. అననివ్వండి.

మీరొక పని చేయండి. చక్రాల కుర్చీ ఒకటి సంపాదించి అందులో కూర్చోండి. కాళ్ళు కింద మోపకూడదు. బాత్రూమ్‌లోకి వెళ్ళి, తలుపేసుకుని, చేతులు కడుక్కుని, తుడుచుకుని బయటికి రండి. వచ్చాకే నాకు ఉత్తరం రాయండి.

ఇట్లు,
టైలరమ్మ

తా.క.: తొంభై ఆరుకి డాక్టరు అక్కర్లేదు. అది ముప్ఫై ఎనిమిదే. అయినా బెల్టు ఒక బొక్క వదులు చేసుకోండి.

*

టైలరమ్మ గారికి,

నమస్కారం. బయటికి వచ్చాకే రాయమన్నారు. అందుకే ఆలస్యమైంది.

కుర్చీ మా ఇంటి నుంచి తెచ్చాను. అది ఇరవై మూడు అంగుళాలది కాబట్టి లోపలికి దూరింది. దూరడం వరకే. మోచేతులు రెండూ గీరుకుపోయాయి. తలుపేద్దామంటే కుర్చీ అడ్డం, తిప్పుదామంటే గోడ అడ్డం, వెనక్కి వద్దామంటే గడప అడ్డం. కుళాయి అందింది, తువ్వాలు అందలేదు. తడి చేతులతో గంటన్నర కూర్చున్నాను. లేచి రావచ్చు కదా అంటారేమో. కాళ్ళు మోపకూడదన్నారు కదండీ!

చివరికి గదులు ఊడ్చే ఆవిడ చూసి, ఆ ఇద్దరు బస్తాల మనుషుల్నీ పిలిచింది. వాళ్ళు నన్ను ఒక్క మాట అడగలేదు. ఒకడు చంకల కింద, ఒకడు మోకాళ్ళ కింద పట్టి ఎత్తేశారు. చొక్కా పైకి లేచిపోయి బొజ్జ బయటపడింది. వరండా నిండా అతిథులు. ఒక పెద్దాయన "పాపం" అన్నాడు. పదకొండేళ్ళుగా ఇక్కడ మేనేజర్ని. నన్ను చూసి ఎవరూ పాపం అనలేదు. ఒళ్ళు మండిపోయింది.

కింది అంతస్తులో ఒక పెద్ద గదిని దుప్పట్లతో నింపేశాం. దాన్ని ఖాళీ చేయించాను. పక్కకి జరిగే బాత్రూమ్ తలుపు పెట్టిస్తున్నాను, ముప్ఫై ఆరు అంగుళాలు. టేపు సరైన వైపు చూసే రాస్తున్నాను. గడప లేదు. మంచం పంతొమ్మిది. వాకిట్లో మెట్ల పక్కన చక్రాలకి వాలు కట్టిస్తున్నాను. ఒక్క మనిషి కోసం ఇంత హంగామా ఎందుకని యజమాని గారు అడిగారు. ఆ కుర్చీలో ఒక్కసారి కూర్చుని చూడమన్నాను. కూర్చోకుండానే సంతకం పెట్టేశారు.

ఇట్లు,
మేనేజరు

తా.క.: టేపు ఇందులోనే పెట్టాను. బెల్టు వదులు చేశాను. ప్రాణం లేచొచ్చింది.

*

మేనేజరు గారికి,

మీ ఉత్తరం ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చదివాను. బొజ్జ దగ్గర అందరూ పడీ పడీ నవ్వారు, మా తమ్ముడు తప్ప. వాడు మాత్రం, "పోయినేడు నేనూ నిన్ను అడక్కుండానే ఎత్తాను కదక్కా" అన్నాడు. అవునురా అన్నాను. సాయంత్రానికి టికెట్లు తెచ్చాడు, నాతో కలిపి.

సంతోషం. మీరు మాట మీద నిలబడ్డారు, అదే, కూర్చున్నారు. కానీ నాకు ఒక సంగతి మింగుడుపడడం లేదు. మీ ఇంట్లో చక్రాల కుర్చీ ఎవరిది? గంటన్నర మీరు అందులో కూర్చుంటే ఆ మనిషి ఎక్కడ కూర్చున్నారు? మీ ఇంటి బాత్రూమ్ తలుపు ఎన్ని అంగుళాలు?

ఇట్లు,
టైలరమ్మ

తా.క.: "తగినంత" అని రాస్తే నేనే వచ్చి కొలుస్తాను.

*

టైలరమ్మకి,

మేనేజరు అత్తగారు దీవించి రాయునది. నీ ఉత్తరం మా అల్లుడు మూడుసార్లు చదివి జేబులో పెట్టుకుని, కంచం ముందు నుంచి లేచిపోయాడు. చొక్కా ఉతకబోతూ మా అమ్మాయి దాన్ని తీసి నాకిచ్చింది. అడిగిన దానివి నువ్వు, చెప్పవలసినదాన్ని నేను. మధ్యలో వాడెందుకు?

ఆ కుర్చీ నాది. "అరగంటలో తెస్తానత్తయ్యా" అని పట్టుకుపోయాడు. వాడు వచ్చేదాకా మంచం మీదే ఉన్నాను. మా ఇంటి బాత్రూమ్ తలుపు ఇరవై ఒక్క అంగుళాలు. నాలుగేళ్ళుగా మా అమ్మాయే నన్ను ఎత్తి దింపుతోంది. ఈ నాలుగేళ్ళలో వాళ్ళు మూడుసార్లు సరదాగా ఊళ్ళు తిరిగి వచ్చారు. "మీకెందుకు శ్రమ అత్తయ్యా" అని నన్ను పక్కింటావిడకి అప్పజెప్పేవాడు. వాడు పనిచేసే హోటల్ కూడా నేను చూసి ఎరగను. అల్లుడు మంచివాడే. మంచివాళ్ళతోనే వచ్చింది చిక్కంతా, తిట్టడానికి నోరు రాదు.

నీ ఉత్తరం చదివాక వచ్చింది. తిట్టవలసిన నాలుగూ తిట్టి, ఆటో పిలిపించుకుని హోటల్‌కి వచ్చేశాను. వాకిట్లో వాలు నా అంతట నేనే ఎక్కాను. మధ్యలో రెండుసార్లు ఆగాను, అది వేరే సంగతి. ఎవడో "పాపం" అనబోయి, నా చూపు చూసి మింగేశాడు. నీ కోసం చేసిన గదిలోనే దిగాను. ఖాళీ చేయమని అల్లుడు బతిమాలాడు. యజమాని వచ్చి దండం పెట్టాడు. మా ఇంటి తలుపు వెడల్పు అయ్యేదాకా కదిలేది లేదన్నాను. ఇవాళ పొద్దున్నించీ మా ఇంట్లో గోడ పగలగొడుతున్నారు.

పదో తారీఖుకి ఆ పని అవకపోతే నువ్వేం బెంగపడకు. ఈ గదిలో రెండు మంచాలున్నాయి. మనిద్దరం ఇక్కడ ఉందాం. ఎత్తేవాళ్ళనీ, సర్దుకుందాం అనేవాళ్ళనీ పై అంతస్తుకి తోలేద్దాం.

అసలు సంగతి ఇంకా రాయలేదు. నిన్న పొద్దున బాత్రూమ్‌లోకి నేనే వెళ్ళాను. తలుపు జరిపి, లోపల గడియ పెట్టుకున్నాను. నాలుగేళ్ళ తర్వాత గడియ పెట్టుకోవడం. ఉన్న పని అయిదు నిమిషాలది. గంటసేపు ఊరికే కూర్చున్నాను. కొంచెం ఏడ్చాను కూడా, ఎవరూ చూడకుండా ఏడ్చి ఎన్నాళ్ళయిందో. మా అమ్మాయి మూడుసార్లు తలుపు కొట్టి, "అమ్మా, ఏం చేస్తున్నావు లోపల?" అంది.

"నీకెందుకే!" అన్నాను.

ఇట్లు,
ఒకటో నంబరు గది నుంచి,
మేనేజరు అత్తగారు

తా.క.: గడియ కొత్తది, కొంచెం బిగుతుగా ఉంది. పెట్టినప్పుడల్లా టంగున మోగుతోంది. నూనె వేయిస్తానని అల్లుడు బయల్దేరాడు. వేస్తే ఊరుకోనన్నాను. ఆ చప్పుడు బయటికి వినపడాలి.