పొడి కలిపిన సాళ్లు

1987, శ్రావణ సోమవారం, రాత్రి

ఈరోజు మధ్యాహ్నం అనుకోకుండా చేనుకు వెళ్తే, నా భార్య లక్ష్మి బిందెతో కనిపించింది. బర్రెల మేతకు వేసిన జొన్నలో, పొడి కలిపిన సాళ్లకు నీళ్లు పోస్తోంది.

ఆ తెల్లపొడి మట్టిలో నీళ్లు పట్టి ఉంచుతుందని జహీరాబాద్‌లో వ్యవసాయ ఆఫీసాయన ఇచ్చాడు. గ్లాసు నీళ్లలో వేస్తే ఉబ్బి గడ్డకట్టింది, నమ్మేశాను. వానలు మొహం చాటేసి, పొడి కలపని సాళ్లు ఎండిపోయాయి. కలిపినవి పచ్చగా నిలిచాయి. ఊరందరినీ పిలిచి చూపించాను.

"ఎప్పటి సంది పోస్తున్నవ్?" అన్నాను.

"చేను వాడిపోవట్టినప్పటి సంది. నలుగుర్ల నీ ఇజ్జత్ పోతదని పోసిన. తప్పా?"

ఎంత మామూలుగా అందో! రోజూ అన్నం తింటూ ఆ పొడిని పొగుడుతుంటే, కూర వడ్డిస్తూ "అవ్, మంచిగుంది" అన్న మనిషి! పొడి నిజంగా పనిచేస్తుందో లేదో ఇప్పుడెలా తెలుస్తుంది? రేపు కోహీర్ నుంచి రైతులు చూడటానికి వస్తున్నారు. ఏ మొహంతో చూపించను?

ఝరాసంగంలో లక్ష్మి అన్న, మా బావ, నా మాట మీదే చేనంతా ఆ పొడి కలిపి మేత జొన్న వేశాడు. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"మీ అన్నకైన నిజం చెప్పినవా?" అని అరిచాను.

లక్ష్మి బిందె చంకనెత్తుకుంది.

"అన్నకెందుకు చెప్త? వదినెకు చెప్పిన. ఆమె గూడ పోస్తున్నది."