నా మొహం మీద హక్కు నాదే

చిరంజీవి ప్రసూనకు,

అమెరికాలో కాపెల్ నుంచి అక్క దీవించి రాసేది. ఇక్కడ అందరం కులాసా. నా భయాలు కూడా నాతోపాటు కులాసాగానే ఉన్నాయి, వాటి గురించి నువ్వు బెంగపడకు. నీ ఉత్తరాన్ని నీ కోడలు రేణు ఫోటో తీసి పంపితే, మా అమ్మాయి అనురాధ దాన్ని కాగితం మీదికి తీయించి చేతికిచ్చింది. నీకు చెవులు పోయాయి, నాకు దగ్గరి చూపు పోయింది. ఇద్దరం కలిస్తే ఒక మనిషికి సరిపోతాం.

మోకాళ్లకు నూనె రాస్తున్నావా అని అడిగావు. రాస్తున్నాను. మనవరాలు దేదీప్య తింటోందా అన్నావు. ఆటకు ముందు అరటిపండు, ఆట అయ్యాక నా చేతి పెరుగన్నం. ఫుట్‌బాల్ ఆటలో గోలు ముందు నిలబడి, మీదికొచ్చే బంతులకు ఒళ్లు అడ్డంపెట్టే పిల్లకు ఎంత పెడితే సరిపోతుంది చెప్పు! నాలుగేళ్లు వచ్చేదాకా నీ చేతిలో పెరిగింది కాబట్టి ఆ ఎముకలకు బలం ఉంది. లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటేనే నాకు గుండె దడ.

ఇక నువ్వు కింద గీత గీసి మరీ అడిగిన ప్రశ్న. "ఫైనల్ నాడు ఆట చూపించకుండా నీ మొహం చూపించావేమిటక్కా?"

చెప్తాను. ప్రతి శనివారం నేను ఫోను పట్టుకుంటే నువ్వు చీరాలలో కూర్చుని మన పిల్ల ఆట చూసేదానివి కదా. ఫైనల్ పక్క ఊరు ఇర్వింగ్‌లో పెద్ద గ్రౌండులో పెట్టారు. అక్కడికి వెళ్లాక తెలిసింది, ఆ ఆటను లైవ్ చూపించే హక్కును టోర్నమెంటు వాళ్లు ఒక కంపెనీకి అమ్ముకున్నారట. వాళ్ల యాప్‌లో తప్ప ఇంకెక్కడా కనపడకూడదు. అనురాధ వెంటనే రేణుకు చెప్పి ఆ యాప్ పెట్టించింది. "మీ దేశంలో లేదు" అని వచ్చింది.

నా పక్కన రాఘవులుగారు కూర్చున్నారు. ఆయన మనవరాలు కూడా మన జట్టే.

"టీవీలో పెద్ద మ్యాచ్‌లకీ ఇంతేనండీ. ఇక్కడ ఇంగ్లీషుకి ఒకళ్లు, స్పానిష్‌కి ఒకళ్లు, ఇండియాకి ఇంకొకళ్లు కొనుక్కుంటారు. ఎవరూ కొనని దేశానికి బొమ్మ పోదు."

"ఆడే పిల్ల మనదైనా?"

"పిల్ల మనదే రాజేశ్వరమ్మగారూ, బొమ్మ వాళ్లది."

నాకు ఒళ్లు మండింది. ఫోను ఎత్తి నీకు కలిపాను. నువ్వు కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నావో లేదో, నారింజ రంగు కోటు తొడుక్కున్న అమ్మాయి ఒకతె పరుగున వచ్చింది. "మ్యామ్, నో లైవ్ వీడియో!" "మా పిన్నికి వినపడదు, ఆవిడకి ఇదొక్కటే దారి" అని అనురాధ ఇంగ్లీషులో ఏదో చెప్తూనే ఉంది. ఆ అమ్మాయి వెళ్లి టోపీ పెట్టుకున్న పెద్దాయనను పిలుచుకొచ్చింది.

నా పని అయిపోయిందనుకున్నాను. పోలీసులు వస్తారు, నా విజిటర్ వీసా చింపేస్తారు, అల్లుడి హెచ్-వన్ పోతుంది, పిల్లను జట్టులోంచి తీసేస్తారు. ఆపేద్దామని ఫోను మీద నొక్కితే, కంగారులో వేలు ఎక్కడ తగిలిందో, గ్రౌండు పోయి నా మొహం వచ్చింది. ఆ పెద్దాయన వంగి చూశాడు. నా మొహం, వెనక కంచె, ఆకాశం. నవ్వి అనురాధతో ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడే?"

"గ్రౌండు కనపడకపోతే చాలటమ్మా. నీ ఫేస్ మీద కంపెనీకి రైట్స్ లేవట."

"కొనడానికి ఎవరూ ముందుకు రాలేదేమోలెండి!" అన్నారు రాఘవులుగారు. ఆయన మీద కోపం రావలసింది, నవ్వొచ్చింది.

అందుకే ప్రసూనా, ఆ రోజంతా నీకు నా మొహమే దక్కింది.

ఆట సమానంగా ముగిసింది. పెనాల్టీలన్నారు. ఒక్కొక్కరే వచ్చి కొడతారు, ఆపడానికి మన పిల్ల ఒక్కతే. చివరికి ఒక్క బంతి మిగిలింది. అది ఆపితే కప్పు మనది.

ఇక్కడ నీకు ఇన్నాళ్లూ దాచిన మాట ఒకటి చెప్పాలి. బంతి దేదీప్య మీదికి వచ్చిన ప్రతిసారీ నేను ఫోను అటు పట్టి కళ్లు మూసుకునేదాన్ని. "ఎంత బాగా పట్టిందో చూశావా అక్కా" అని నువ్వు రాస్తే, చూశానని రాశాను. చూడలేదే. ఒక్కటీ చూడలేదు. నువ్వు ఉత్తరంలో రాసిందే పిల్లకు అప్పజెప్పి మెచ్చుకునేదాన్ని. పాపం, అమ్మమ్మ ఎంత శ్రద్ధగా చూస్తోందో అనుకునేది.

ఆ రోజూ మూసుకోబోయాను. చెయ్యి చాచి పట్టుకున్న ఫోనులో, తెర నిండా నువ్వు కనిపించావు. ముందుకు వంగి, ఊపిరి బిగపట్టి, నా కళ్లలోకే చూస్తున్నావు. నేను రెప్ప వాలిస్తే నీకిక ఆట లేదు.

వాల్చలేదు.

అవతలి జట్టులో పొడుగు పిల్ల వచ్చి కొట్టింది. దేదీప్య ఎగిరింది. చిన్నప్పుడు నీ మంచం మీంచి దూకేది చూడు, కింద ఏముందో చూసుకోకుండా, అట్లా. వేళ్ల కొసలు తగిలి బంతి పక్కకు పోయింది. పిల్ల నేల మీద పడి, లేచి, మట్టి చేతులు రెండూ ఆకాశంలోకి ఎత్తింది. ఇదంతా నేను చూశాను ప్రసూనా, నా కళ్లతో! ఫోను జారి కిందపడి కాల్ తెగిపోయింది.

గెలిచామన్న కబురు అనురాధ పంపకముందే నువ్వు వీధిలోకి వెళ్లి అందరికీ చెప్పేశావట. ఎలా తెలిసిందో నీకే తెలియదని రాశావు. నేను నవ్వనైనా లేదు, నోరు తెరుచుకుని నిలబడ్డానంతే. కానీ ఇంజెక్షను చూసినా, ఉరుము విన్నా కళ్లు మూసుకునే మనిషినని చిన్నప్పటి నుంచీ నీకు తెలుసు కదా. ఆ రోజు నా కళ్లు తెరిచే ఉన్నాయి. అదీ నీకు తెలిసింది.

వచ్చే ఏడు ఆ బొమ్మను ఎవరికైనా అమ్ముకోనీ. నీకు నేనున్నాను. అన్నట్టు, వీధిలో అంత వేగంగా నడవకు, పడతావు.

ఇట్లు,
రెప్ప వాల్చని మీ అక్క,
రాజేశ్వరమ్మ