తలవైపు తాడు

స్కార్‌నెస్ రేవులో వలలు వేసి బతికిన జేమ్స్ ఫ్లెట్ అను, ఊరంతా లావరక్ అని పిలిచే నేను, ఊపిరితిత్తులు చెడినా బుద్ధి చెడలేదని డాక్టరు చేతనే చెప్పించుకుని, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. దీన్ని అమలు జరిపే బాధ్యత పడవలు కట్టే జార్జ్ మెయిర్‌ది.

1. పడవలో నా వాటా, పెద్ద వలలు నా తమ్ముడు హెండ్రీ కొడుకులకు. కష్టపడే పిల్లలు. హెండ్రీకి మాత్రం ఏమీ లేదు. ఎందుకో వాడికి తెలుసు.

2. ఇల్లు, నా భార్య ఎల్స్‌పెత్ ఊలు శాలువా మనవరాలు క్రిస్టీ వాట్‌కు. శాలువా భుజం దగ్గర చిరిగింది. చలి ముదరకముందే కుట్టుకో తల్లీ.

3. ఇంటిపేరు సంగతి. ఫ్లెట్లు ఉత్తరాది దీవుల నుంచి వచ్చారనీ, అంతకుముందు నార్వే వాళ్లతో ఓడల్లో ఆ దీవుల్లో దిగారనీ మా తాత చెప్పేవాడు. నిజమెంతో దేవుడికెరుక. ఇప్పుడు ఈ రేవులో ఏ తలుపు తట్టినా ఫ్లెట్టే. జేమ్స్ ఫ్లెట్ అని పిలిస్తే సగం రేవు తిరిగి చూస్తుంది. అందుకే కుటుంబానికో మారుపేరు. మా తాత వల లాగుతూ పాడేవాడు కనుక మాకు లావరక్, అంటే పాడుతూ పైకెగిరే పిట్ట.

నా ఒక్కగానొక్క కొడుకు మాగ్నస్‌కు, జీన్ వాట్‌కు పెళ్లని చర్చిలో మూడుసార్లు ప్రకటించాల్సి ఉండగా ఒకసారి ప్రకటించారు. రెండో ప్రకటనకు ముందే వాణ్ణి సముద్రం తీసుకుపోయింది. శవం కూడా దొరకలేదు. అప్పటికే జీన్ కడుపుతో ఉంది. బిడ్డ పుట్టాక చర్చి పుస్తకంలో ఫ్లెట్ అని రాయమని చర్చి పెద్దల కాళ్లావేళ్లా పడ్డాను. మెత్తబడ్డారు కూడా. వాళ్లలో ఒకడైన హెండ్రీ లేచి, "దానికి అమ్మ ఇంటిపేరు చాల్లే అన్నా. మన పేరు బజారుకెక్కిస్తావా?" అన్నాడు. అంతే, వాట్ అని రాశారు. జీన్ ఆ బెంగతోనే మంచం పట్టి పోయింది. చేపలు కోసే చోట ఆడవాళ్లు క్రిస్టీని ఎవరి పిల్లవే అని అడిగి నవ్వేవాళ్లు.

ఇంటిపేరు చర్చి చేతిలో ఉంది. మారుపేరు ఊరి నోట్లో ఉంది, దానిమీద ఎవరి పెత్తనమూ లేదు. పేరు ఆస్తి కాదు తాతా అని పట్నం ప్లీడరు నవ్వాడు. కాకపోతే కాకపోనీ, రాయవయ్యా అన్నాను. మా నాన్న నాకిచ్చినట్టే లావరక్ అనే పేరు క్రిస్టీకి ఇస్తున్నాను.

4. నా సమాధి. మా ఆనవాయితీ ప్రకారం శవపేటికను రక్తసంబంధీకులే తాళ్లతో గోతిలోకి దింపాలి. తలవైపు తాడు కొడుకుది. కొడుకు లేడు కనుక అది తనదేనని హెండ్రీ అనుకుంటున్నాడు. ఆడవాళ్లు సమాధి దాకా రారని నాకూ తెలుసు. అయినా ఆ తాడు క్రిస్టీది. జార్జ్ అందరూ వినేలా క్రిస్టీ లావరక్ అని పిలిచి, తాడు ఆమె చేతికివ్వాలి.

ఈ మాట చెప్తే పిల్ల ఏడ్చింది. "నావల్ల కాదు తాతయ్యా, అందరూ చూస్తారు" అంది. చూడాలనే కదా తల్లీ. రాలేకపోతే ఇంట్లోనే ఉండు, నేనేమీ అనుకోను. కాని ఆ తాడు ఇంకెవరూ ముట్టుకోకూడదు. నేలమీద అలాగే పడి ఉండనివ్వండి. మిగిలిన తాళ్లతోనే నన్ను దింపండి, పెట్టె ఒరిగినా సరే.

స్కార్‌నెస్, 1891 నవంబరు 9.

(సంతకం) జేమ్స్ ఫ్లెట్, లావరక్

సాక్షులు:
పీటర్ స్లేటర్, పీపాలు చేసేవాడు
బార్బరా స్లేటర్, అతని భార్య