పన్నెండు మంది రక్త సాక్ష్యం

అమ్మాయికి బాబాయి దీవెనలు.

శుద్ధమైన రక్తం ఎలా ఉంటుందో నీకసలు తెలుసా? మా ప్రార్థన సంఘంలో పన్నెండు మందిని పోగుచేసి, పక్కన కూర్చుని మరీ ఏ మందూ వాడలేదని ఫారాలు నింపించి నీ ల్యాబుకు పంపితే, ఒక్కరిదీ పనికిరాదంటావా? మందుబిళ్ళ మింగడం అవిశ్వాసమని ముప్పై ఏళ్ళుగా బోధిస్తున్నవాణ్ణి.

మీ బాబాయి

తా.క. రక్తం తీసేటప్పుడు నర్సు మా సంఘం దర్జీని సూదితో రెండుసార్లు పొడిచింది. ఆయన క్షమించాడు. నేనింకా ఆలోచిస్తున్నాను.

బాబాయికి నమస్కారాలు.

రక్తంలో ప్లేట్‌లెట్లనే చిన్న కణాలుంటాయి. వేలు తెగితే అవి ఒకదానికొకటి అతుక్కుని గండి పూడుస్తాయి. అదే పని గుండె రక్తనాళంలో చేస్తే దారి మూసుకుపోతుంది. నాన్న పోయింది అలాగే. అవెందుకలా గుంపుకడతాయో తేల్చాలనే నా తాపత్రయం. మీవాళ్ళవి గొట్టంలో వేసి ఎంత తిప్పినా అతుక్కోవడం లేదు. ఆస్పిరిన్ లాంటి తలనొప్పి బిళ్ళ ఒక్కటి వేసుకున్నా పది రోజులు అంతే. నెలాఖరుకు పన్నెండు మంచి నమూనాలు రాకపోతే నా పరిశోధన మూసేస్తారు.

మీ అమ్మాయి

తా.క. మీరు పక్కన కూర్చోవడమే కొంప ముంచిందేమో.

అమ్మాయికి.

నా సంఘం అబద్ధమాడిందా? లేఖనంలో అన్న చేతిలో చచ్చిన తమ్ముడి రక్తం నేలలోంచి దేవునికి మొరపెట్టింది. మా రక్తం నీ గాజు గొట్టంలోంచి మొరపెడుతుంటే నీకు వినబడటం లేదు. రేపొచ్చి నా రక్తమే ఇస్తాను. చూసుకో.

బాబాయి

తా.క. నిన్న అబద్ధికుల మీద మూడు గంటలు ప్రసంగించాను. ఒక్కరూ కదల్లేదు. అయ్యాక మాత్రం మీ పిన్ని దగ్గర వరుసకట్టారు. మంచినీళ్ళకనుకుంటా.

బాబాయికి.

మీ రక్తం మొర విన్నాను. మీ కణాలూ అతుక్కోలేదు. పిన్నికి ఫోన్ చేశాను. "ఆ ప్రసంగం విన్నాక తలకో బిళ్ళ ఇవ్వకపోతే ఇల్లు చేరలేరే. మీ బాబాయికి మాత్రం నేనివ్వలేదు. ఆయన సంగతి ఆయన్నే అడుగు" అంది. అడుగుతున్నాను.

అమ్మాయి

తా.క. పది రోజులు ఎవరూ బిళ్ళ ముట్టకూడదు. అంటే ఏం చేయాలో మీకే తెలుసు.

అమ్మాయికి.

ప్రసంగానికి ముందొకటి, తర్వాతొకటి. తొమ్మిదేళ్ళుగా. నా గొంతు నాకూ వినబడుతుంది కదా. ఈ ఉదయం సంఘం ముందు నిలబడి ఒప్పుకున్నాను. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఎవరూ మీ పిన్ని దగ్గరికి వెళ్ళలేదు. పది రోజులు నోరు మూసుకుంటాను. మీ నాన్న కోసం. పదకొండో రోజు పదమూడుగురం వస్తాం.

బాబాయి

తా.క. ఇరవై రోజులైతే రక్తం ఇంకా బాగుంటుందేమో కనుక్కోమని దర్జీ అప్పుడే మొదలుపెట్టాడు. మిగతావాళ్ళు తలలూపుతున్నారు. పది రోజులే చాలని సంతకం పెట్టి, ల్యాబు ముద్ర వేసి, ఈరోజే పంపు. రేపటిదాకా ఆగకు.