మోతీ తొడ ఎముక

అక్క జంగమ్మకు తమ్ముడు అంజన్ దండాలు. ఫోనులో చెబితే వేళాకోళమనుకుంటావని అబిడ్స్ పోస్టాఫీసు దగ్గర కూర్చుని రాస్తున్నాను. ఆటో గుద్దిన నీ మోతీని నాంపల్లిలో కుక్కల డాక్టరమ్మకు చూపించాను. ఎక్స్‌రేలో తొడ ఎముక రెండు ముక్కలై కనిపించింది. మేకకు కట్టినట్టు ఊళ్లో నేను కట్టిన వెదురుబద్దల కట్టు చూసి, "గిది ఎవరు కట్టిన్రు? దీని బరువుకే ఎముక ఇంకా జరిగింది" అని కోప్పడింది. "మా అక్కనే" అన్నాను. తిట్టుకో. తర్వాత ఆ కాలి వేళ్లు గట్టిగా గిచ్చితే మోతీ అరవలేదు, తిరిగి కూడా చూడలేదు. రేపు మళ్లీ గిచ్చినప్పుడూ అరవకపోతే నరం చచ్చినట్టేనట, కాలు తీసేస్తారట. ఈ కార్డు చేరేసరికి అది తేలిపోయి ఉంటుంది. బర్రె ఈనిందా? బావకు దండం, పిల్లలకు దీవెనలు. మోతీ అన్నం ముట్టడం లేదు. నీ పాత చీర ఒకటి బావతో పంపు, నీ వాసనకైనా తింటుందేమో.