కంచె వేసిన దుంపల మడి

సఫోక్, ఇంగ్లండ్, సెప్టెంబరు

పూజ్యులైన మదర్ అగాథా గారికి,

నాకు చదువు చెప్పి, ఈ కాన్వెంటు బడి లైబ్రరీలో పని ఇచ్చింది మీరే. మీ ఎదుట నోరు పెగలక ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొన్నేళ్ళ కిందట మన బంగాళాదుంపల మడిలో కడ్‌వీడ్ అనే అరుదైన అడవి మొక్క పూసినప్పుడు, బూడిదరంగు ఉన్ని కప్పుకున్న ఆ చిన్న మొక్కలను కాపాడాలని మీరు కంచె వేయించి, తవ్వకం మాన్పించారు. అప్పటినుంచి గడ్డి కమ్ముకుంది. ఈ వేసవిలో ఒక్క మొక్కే పూసింది. అది ఏడాదితో చచ్చిపోయే మొక్క. దాని గింజ మొలవాలంటే మట్టి తిరగెయ్యాలి.

నిన్న నేను పార తీస్తే, ఇదివరకు ఆ మడి తవ్విన సిస్టర్ హిల్డా నవ్వుతూ అడ్డుపడ్డారు.

"ఏమ్మా, నోట్లో నాలుక లేని పిల్లవి, మదర్ మాటకే ఎదురు తిరుగుతున్నావా? తవ్వి పోస్తే బతికే పువ్వు ఎక్కడైనా ఉందా?"

"ఉంది సిస్టర్. మీరు దుంపలు తవ్విన ప్రతి ఏడూ పూసింది కదా?"

ఆవిడ నవ్వు ఆగిపోయింది.

ఆ మొక్క గింజలు రాలాయి. వానలు పడకముందే మడి తవ్వాలి. శనివారం ఉదయం పూజ అయ్యాక మొదలుపెడతాను. వద్దనాలనుకుంటే దయచేసి మడి దగ్గరికే వచ్చి చెప్పండి. సిస్టర్ హిల్డా తన పార తెస్తానన్నారు. మీ కోసం ఇంకొకటి కంచెకు ఆనించి ఉంచుతాను.

ఎప్పటికీ మీ విద్యార్థిని