మ్యాప్‌ల లేని ఇండ్లు

అన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. మిర్యాలగూడ ఎట్ల పెరగాల్నో చెప్తమని మున్సిపాలిటోళ్ళు ఇయ్యాల మీటింగ్ పెట్టిన్రు. ఓ సారు గోడకు పెద్ద మ్యాప్ కట్టి చూపెట్టిండు. కొత్త మిల్లులు, హోటళ్ళు, లారీలు ఆగెటందుకు చెట్ల నీడతోని ఓ మైదానం. మిల్లుల్ల బస్తాలు మోసెటోళ్ళకు ఇండ్లు కావాలని నువ్వు ఎన్ని అర్జీలు పెట్టినవ్! ఆ ఇండ్లు మాత్రం యాడా లేవు.

నేను లేచి అడిగిన. "సార్, మేమెక్కడుండాలె?"

"ఇప్పుడున్న కాడనే ఉండున్రి. మేమేమన్న వద్దన్నమా?" అన్నడు. ముందు కుర్సీలోళ్ళు నవ్విన్రు.

నాకు ఒళ్ళు మండింది. "ఇప్పుడున్నది మిల్లు ఎనక రేకుల షెడ్డు సార్. మా అన్న వడదెబ్బకు ఆ రేకుల కిందనే పానం ఇడిసిండు. లారీలకు నీడ గీసిన్రు, మనుషులకు గియ్యరా?"

"కూసో అమ్మా" అన్నరు. కూసోలే. సీదా పోయి, సారు చేతుల పెన్ను గుంజుకొని, నువ్వు నేర్పిన అక్షరాలతోని ఆ మైదానం మీద 'ఇండ్లు' అని రాసిన.

రేపు కొట్టేస్తరు, నాకెరికే. మళ్ళ రాస్త.

నీ చెల్లె